ఎజెన్ క్రిస్తోఫ్: విరిగిన ఫోర్కు కథకు ముందూ వెనకా ఉన్న ఇరవై రెండేళ్లు

ఫ్రాన్స్‌లో దశలవారీగా సాగే పెద్ద సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌ను ఒక్కసారి కూడా గెలవని ఎజెన్ క్రిస్తోఫ్‌ను ఫ్రాన్స్ తొలితరం ప్రొఫెషనల్ సైక్లిస్టుల్లో అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారని, కమ్మరి కొలిమిలో తన సైకిల్ ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగాన్ని, తానే బాగుచేసుకున్నాడన్న కథ నిజమేనా అని మీరు అడిగారు. కథ నిజమే, 1913 జూలై 9న పిరనీస్ కొండల్లో జరిగింది. అయితే ఆ ఒక్క సంఘటనకు వచ్చిన ప్రచారం వల్ల, 1904 నుంచి 1926 వరకు సాగిన ఆయన వృత్తిజీవితం చాలావరకు మరుగున పడిపోయింది. ఫోర్కు విరగకపోతే టూర్ గెలిచేవాడే అన్న మాట కూడా 1913 విషయంలో అంత తేలిగ్గా ఒప్పుకోదగింది కాదని నా అభిప్రాయం. ఫోర్కు మళ్లీ విరిగిన 1919 సంగతి వేరు. ఈ రెండింటినీ విడదీసి చూస్తేనే ఆయన స్థాయి తెలుస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

క్రిస్తోఫ్ 1885 జనవరి 22న పారిస్‌ను ఆనుకుని ఉన్న మలకోఫ్‌లో పుట్టారు. కుర్రతనంలోనే తాళాల పనిలో కుదిరారు. ఆనాటి ఫ్రాన్స్‌లో ఆ పని తాళంచెవులు అరగదీయడంతో సరిపోయేది కాదు. గడియలు, బందులు, గేట్లు, కిటికీ ఊచలు కూడా అదే చేతి మీదుగా తయారయ్యేవి కనుక ఇనుమును కాల్చి సాగదీయడం, అతకడం, ఆకురాయితో కొలతకు తేవడం అన్నీ నేర్చుకోవలసి వచ్చేది. పందేల్లోకి వచ్చిన ఆ తరంవాళ్లలో చాలామంది ఇలాంటి చేతిపనుల నుంచి వచ్చినవాళ్లే. 1903లో మొట్టమొదటి టూర్ గెలిచిన మోరిస్ గారాఁ చిన్నప్పుడు ఇళ్ల పొగగొట్టాలు శుభ్రం చేసేవాడు. రోజుకూలీ కంటే సైకిల్ తొక్కితే ఎక్కువ డబ్బు వస్తుందని లెక్క చూసుకుని వచ్చిన మనుషులు వాళ్లు. ఆటను వినోదంగా మొదలుపెట్టేంత తీరిక వాళ్ల ఇళ్లలో లేదు.

అప్పట్లో ప్రొఫెషనల్ అంటే ఏమిటో తెలియకపోతే క్రిస్తోఫ్ నిర్ణయాలు అర్థంకావు. పందేలను పత్రికలు నడిపేవి, రైడర్లకు సైకిల్ కంపెనీలు, టైర్ల కంపెనీలు జీతమిచ్చేవి. ఇటలీలోని మిలాన్-సాన్ రేమో పందెం గెలిచిన సైకిల్ ఏదో మర్నాటి ప్రకటనలో పెద్ద అక్షరాల్లో వచ్చేది, ఆ నెల అమ్మకాలు దానిమీద ఆధారపడేవి. అంటే రైడరు పరిగెత్తే ప్రకటన. గెలిస్తే సైకిల్ గొప్పదనం, సైకిల్ విరిగితే ఆ మాట పొక్కకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా రైడరుదే. ఈ రెండో భాగం కొలిమి దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

టూర్‌ను నడిపినది 'లోతో' అనే క్రీడాపత్రిక. దాని సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్. మనిషి బలాన్ని మాత్రమే కొలవాలి, కంపెనీ డబ్బును కొలవకూడదన్నది ఆయన పట్టుదల. అందుకే రైడరు బయటివాళ్ల సాయం తీసుకోకూడదు, సైకిల్ పాడైతే తానే బాగుచేసుకోవాలి. అదనపు టైర్లను భుజాల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో చుట్టుకుని తొక్కేవారు. గేర్లు మార్చే డిరేలర్‌ను టూర్ పోటీదారులకు 1937 వరకు అనుమతించలేదు. కొండ మొదట్లో దిగి, వెనక చక్రం విప్పి, పెద్ద పళ్లచక్రం ఉన్న వైపుకు తిప్పి బిగించుకోవడం, పైకెక్కాక మళ్లీ తిప్పుకోవడం, అంతే. దూరాల సంగతి మనవాళ్లకు తెలిసేలా చెప్పాలంటే, హైదరాబాద్‌లోనో విశాఖలోనో 400 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించవలసిన దూరప్రయాణం) తొక్కేవారికి 27 గంటల గడువు ఉంటుంది, తారురోడ్డు ఉంటుంది, గేర్లు ఉంటాయి, తొక్కాక విశ్రాంతి ఉంటుంది. 1919 టూర్‌లో ఒక దశ 482 కిలోమీటర్లు, మరొకటి 468. మొత్తం దశలు పదిహేను, మధ్యలో ఒక్కొక్క రోజు విరామం. అర్ధరాత్రి దాటగానే బయల్దేరి చీకట్లో మట్టిరోడ్డు మీద తొక్కడం మామూలు సంగతి.

క్రిస్తోఫ్ గొప్పతనం ఏమిటో చూడాలంటే ముందుగా 1910 ఏప్రిల్ 3 నాటి మిలాన్-సాన్ రేమో పందేన్నే చూడమంటాను. మిలాన్ నుంచి తుర్కీనో కనుమ దాటి సముద్రతీరం వెంట సాన్ రేమో చేరే దాదాపు 290 కిలోమీటర్ల దారి అది. ఆరోజు కనుమ మీద మంచు పేరుకుపోయి, చాలాచోట్ల సైకిల్ దిగి నడవవలసి వచ్చింది. కొండ ఎక్కేటప్పుడు తనకంటే ముందున్న బెల్జియం రైడరు, 1908లో ఇదే పందెం గెలిచిన సిరిల్ వాన్ హావర్ట్, వెనక్కి తిరిగి వస్తుండటం ఆయన చూశారు. అవతలి వైపు దిగడం మొదలుపెట్టాక ఒళ్లు కొయ్యబారి, కడుపులో పోట్లు వచ్చి దారిపక్కన కూలబడ్డారు. ఇటాలియన్ భాషలో ఆయనకు వచ్చిన ఒక్క మాట 'కాసా', అంటే ఇల్లు. అటుగా వచ్చిన మనిషికి అదే చెప్పగా, అతను దగ్గరలోని పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. అక్కడ తడిబట్టలు విప్పించి, దుప్పటి కప్పి, ఒళ్లు రుద్ది వేడెక్కించారు. కాసేపటికి వాన్ హావర్ట్, మరో రైడరు ఎర్నెస్ట్ పోల్ కూడా అక్కడికే చేరి, చేతులు మొద్దుబారిపోవడంతో మంటకు మరీ దగ్గరగా పెట్టి కాచుకున్నారు. కిటికీలోంచి నలుగురు రైడర్లు బురదలో తడిసి ముద్దై వెళ్తూ కనిపించగానే క్రిస్తోఫ్ లేచారు. ఇంటి యజమాని వెళ్లనివ్వకపోతే రైలెక్కడానికి పోతున్నానని చెప్పి బయటపడ్డారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ దాటుకుంటూ, తానే మొదటివాణ్ణన్న నమ్మకం కూడా లేకుండా, 12 గంటల 24 నిమిషాల్లో సాన్ రేమో చేరారు. తన తర్వాత వచ్చిన లుయిజీ గాన్నాను కారు సాయం తీసుకున్నందుకు జాబితా నుంచి తీసేశారు. గెలుపు ఖరీదు మాత్రం పెద్దది: మంచు కొరికిన చేతులతో ఒక నెల ఆస్పత్రిలో గడిపారు, ఒంట్లో మునుపటి సత్తువ రావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

ఆ సత్తువ తిరిగి వచ్చింది 1912 టూర్‌లో. వరసగా మూడు దశలు గెలిచారు. మూడోది షమోనీ నుంచి గ్రెనోబుల్ వరకు 366 కిలోమీటర్లు, అందులో 315 కిలోమీటర్లు ఒంటరిగా, గాలిబియే కనుమ మీదుగా తొక్కారు. టూర్ చరిత్రలో ఇంత సుదీర్ఘమైన ఒంటరి ప్రయాణం మళ్లీ లేదు. అయినా మొత్తం మీద రెండో స్థానమే దక్కింది. 1905 నుంచి విజేతను కాలంతో కాకుండా పాయింట్లతో లెక్కించేవారు. అరగంట ముందు వచ్చినా, అర అడుగు ముందు వచ్చినా మొదటి స్థానానికి ఒకటే పాయింటు. దశ చివర్లో దౌడు తీసే నేర్పు ఉన్నవాళ్లకు, జట్టు అండ ఉన్నవాళ్లకు ఇది లాభం; కొండల్లో ఒంటరిగా దూసుకుపోయే క్రిస్తోఫ్ లాంటివాడికి నష్టం. బెల్జియంకు చెందిన ఒదీల్ దెఫ్రే గెలిచాడు, వేరే జట్లలోని బెల్జియన్లు కూడా అతనికి తోడ్పడ్డారన్న ఫిర్యాదులు వచ్చాయి. మరుసటి ఏడాదే దెగ్రాంజ్ పాయింట్ల పద్ధతిని వదిలేసి కాలం లెక్కకు తిరిగి వచ్చారు. నా దృష్టిలో క్రిస్తోఫ్ కాళ్లలో అత్యంత బలం ఉన్న ఏడాది 1912. ఆ ఏడాది ఏ ఫోర్కూ విరగలేదు కనుక ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

ఇక 1913. ఆరో దశ బాయోన్ నుంచి లూషోన్ వరకు 326 కిలోమీటర్లు. దారిలో ఓబిస్క్, తూర్మాలే, ఆస్పాఁ, పేరసూర్ద్ కనుమలు. పెజో సైకిల్ కంపెనీ జట్టులో తొక్కుతున్న క్రిస్తోఫ్ ఆ ఉదయానికి దెఫ్రే వెనక రెండో స్థానంలో ఉన్నారు. కొండల్లో దెఫ్రే బాగా వెనకబడి పందెమే మానుకోవడంతో, తూర్మాలే దిగుతున్న వేళకు లెక్క ప్రకారం మొత్తం పందెంలో క్రిస్తోఫ్‌దే మొదటి స్థానం. అప్పుడు హ్యాండిల్ మాట వినడం మానేసింది. బ్రేకు వేసి చూస్తే ఫోర్కు విరిగి ఉంది. అది ఫోర్కు అని ఆనాడు తాను బయటికి చెప్పలేదని, చెబితే కంపెనీకి చెడ్డపేరని, ఆయనే తర్వాతి కాలంలో వివరించారు. కొండెక్కేటప్పుడు తాను వెనక వదిలేసిన వాళ్లందరూ ఒక్కొక్కరే దాటిపోతుంటే కోపంతో ఏడ్చానని కూడా చెప్పుకున్నారు. సైకిల్‌ను భుజాన వేసుకుని, అడ్డదారులు వెతుక్కుంటూ, పది కిలోమీటర్లకు పైగా నడిచి సాంత్ మరీ ద కాంపాన్ అనే ఊరు చేరారు. ఒక అమ్మాయి దారి చూపిస్తే ఊరి అవతలి చివరనున్న లెకోంత్ అనే కమ్మరి కొలిమికి వెళ్లారు.

లెకోంత్ సాయం చేస్తానన్నాడు, కానీ నియమం ఒప్పుకోదు. పందెం అధికారులు పక్కనే నిలబడి చూస్తున్నారు. పోటీ కంపెనీల మేనేజర్లు కూడా తప్పు దొరుకుతుందేమోనని వచ్చి చేరారు. ఇక్కడ పనిలోని కష్టాన్ని కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథగా చెప్పేవాళ్లు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఫోర్కు గొట్టం పలచటి ఉక్కు. కొలిమిలో ఒక్క క్షణం ఎక్కువ ఉంచితే అంచు కరిగిపోతుంది, తక్కువైతే అతుకు పట్టదు. 22 మిల్లీమీటర్ల గొట్టం వెతుక్కుని, కోసి, విరిగిన చోట సరిపోయేలా ఆకురాయితో రాసి, ఎర్రగా కాల్చి అతకాలి. ఏమాత్రం వంకర వచ్చినా చక్రం ఫ్రేముకు తగులుతుంది, లేదా దిగుడులో సైకిల్ ఒకవైపుకే లాగుతుంది. ఫ్రేముల మరమ్మతు దగ్గర చాలాకాలం గడిపినవాడిగా చెబుతున్నాను, అన్ని పనిముట్లూ ఉన్న షాపులో, కడుపు నిండి, చేతులు వణకని మనిషికి కూడా ఇది జాగ్రత్తగా చేయవలసిన పని. పైగా ఒక చేత్తో పటకారు, ఇంకో చేత్తో సుత్తి పట్టుకున్నాక తిత్తి ఊదడానికి మూడో చెయ్యి కావాలి. ఆ తిత్తిని కాసేపు ఒక చిన్న కుర్రవాడు ఆడించాడు. దానికే అధికారులు జరిమానాగా నిమిషాలు కలిపారు, తర్వాత వాటిని తగ్గించారు. పని ముగించి, మిగిలిన ఆస్పాఁ, పేరసూర్ద్ కనుమలు రెండూ దాటి క్రిస్తోఫ్ లూషోన్ చేరేసరికి, దశ గెలిచిన ఫిలిప్ తీస్ వచ్చి దాదాపు 3 గంటల 50 నిమిషాలైంది.

ఇప్పుడు ఆ లెక్క చూడండి. టూర్ ముగిసేసరికి క్రిస్తోఫ్ ఏడో స్థానంలో, తీస్‌కు 14 గంటలకు పైగా వెనక ఉన్నారు. లూషోన్ దగ్గర పోయినది నాలుగు గంటల లోపు; మిగతా పది గంటలు తర్వాతి తొమ్మిది దశల్లో పోయాయి. గెలుపు ఆశ పోయాక మనిషి అంత గట్టిగా తొక్కడు, నిజమే. తీస్‌ది కూడా పెజో జట్టే కనుక క్రిస్తోఫ్ అతనితో పోరాడవలసిన అవసరమూ కంపెనీకి లేదు. అయినా ఇంకా తొమ్మిది దశలు మిగిలి ఉండగా, ఆరో దశ మధ్యలో ఉన్న ఆధిక్యాన్ని బట్టి గెలుపు చేజారిందని తేల్చిచెప్పడం సబబు కాదు. అదే టూర్‌లో మార్సెల్ బుయ్స్ హ్యాండిల్ విరిగి మూడు గంటలకు పైగా నష్టపోయాడు, ఆ తర్వాత కూడా దశల మీద దశలు గెలిచి మూడో స్థానంలో నిలిచాడు. విజేత తీస్ ఫోర్కు కూడా చివరి దశల్లో పడిపోయినప్పుడు విరిగింది. అతను సైకిల్ షాపులో సాయం తీసుకుని, పది నిమిషాల జరిమానా భరించి, 8 నిమిషాల 37 సెకన్ల తేడాతో టూర్ దక్కించుకున్నాడు. ఆ రోడ్ల మీద, ఆ లోహంతో, సైకిల్ విరగడం అందరికీ జరిగేదే. క్రిస్తోఫ్ ప్రత్యేకత ఏమిటంటే, విరిగిన చోటు కొండల నడుమ కావడం, బాగుచేసుకోగలిగిన పనితనం ఆయన చేతుల్లో ఉండటం.

తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1914లో టూర్‌ను పదకొండో స్థానంలో ముగించిన క్రిస్తోఫ్‌కు అప్పుడు 29 ఏళ్లు. మళ్లీ టూర్ జరిగేనాటికి 34. రైడరు జీవితంలో అత్యంత విలువైన ఐదేళ్లు అలా పోయాయి. అంతకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లున్నారు: టూర్ గెలిచిన ముగ్గురు, ఫ్రాన్స్వా ఫాబెర్ 1915లో, ఒక్తావ్ లపీజ్, లూసియాఁ పెతీ-బ్రెతోన్ 1917లో, యుద్ధకాలంలోనే చనిపోయారు.

1919 టూర్ శిథిలమైన దేశంలో జరిగింది. కంపెనీలు ఒక్కొక్కటిగా జట్లు పోషించే స్థితిలో లేక, 'లా స్పోర్తీవ్' పేరుతో కలిసి అందరికీ బూడిదరంగు జెర్సీలిచ్చాయి. 5,560 కిలోమీటర్ల ఆ పందేన్ని పూర్తిచేసి జాబితాలో నిలిచినవాళ్లు పదిమందే. విజేత సగటు వేగం గంటకు 24 కిలోమీటర్లే, అంత తక్కువ వేగం టూర్‌లో అంతకు ముందూ తర్వాతా లేదు. నాలుగో దశ నుంచి క్రిస్తోఫ్‌దే ఆధిక్యం. బూడిదరంగు గుంపులో ముందున్నదెవరో జనం గుర్తుపట్టలేకపోతుండటంతో దెగ్రాంజ్ 'లోతో' కాగితం రంగులో పసుపు జెర్సీ తయారుచేయించి, జూలై 19న గ్రెనోబుల్‌లో దాన్ని క్రిస్తోఫ్‌కు ఇచ్చారు. టూర్ పసుపు జెర్సీ తొడుక్కున్న మొదటి మనిషిగా ఆయన పేరే సాధారణంగా అంగీకరిస్తారు. దారిపొడవునా జనం పసుపు పిట్ట అంటూ ఆటపట్టిస్తున్నారని ఆయన చిరాకుపడ్డారు కూడా.

రెండు దశలు మిగిలి ఉన్నాయి, బెల్జియం రైడరు ఫిర్మాఁ లాంబో మీద 28 నిమిషాల ఆధిక్యం ఉంది. మెట్స్ నుంచి డన్‌కర్క్ వరకు 468 కిలోమీటర్ల పద్నాలుగో దశ యుద్ధభూముల మీదుగా, గుండ్లు పడి గుంతలైన రాళ్ల రోడ్ల మీద సాగింది. వాలాన్సియెన్ దగ్గర ఫోర్కు మళ్లీ విరిగింది. ఈసారి దగ్గర్లోనే సైకిళ్ల కర్మాగారం ఉండటంతో పని త్వరగానే అయింది, అయినా గంటకు పైగా అక్కడే పోయింది. రోజు ముగిసేసరికి లాంబో కంటే దాదాపు రెండున్నర గంటలు వెనక ఉన్నారు. పారిస్ వెళ్లే చివరి దశలో వరస పంక్చర్లతో ఇంకా వెనకబడి, మొత్తం మీద మూడో స్థానంలో నిలిచారు. 1913 గురించి నేను పెట్టిన సందేహాలు ఏవీ ఇక్కడ వర్తించవు. పది దశల పాటు కాపాడుకున్న ఆధిక్యం, మిగిలినది రెండు దశలు. ఈ టూర్‌ను మాత్రం ఫోర్కే పోగొట్టింది.

ప్రజలు కూడా అలాగే అనుకున్నారు. 'లోతో' చందాలు పిలిస్తే, ఇచ్చినవాళ్ల పేర్లు పేజీల కొద్దీ అచ్చయ్యాయి. చేరిన మొత్తం 13,310 ఫ్రాంకులు. విజేత లాంబోకు వచ్చిన బహుమతి 5,000 ఫ్రాంకులు. జీతం, బోనస్, బహుమతి మీద బతికే పనివాడికి ఇది కేవలం ఓదార్పు కాదు, ఆయన కెరీర్‌లోని పెద్ద రాబడుల్లో ఒకటి. లాంబోను తక్కువ చేయకూడదని కూడా చెప్పాలి: అదే రోడ్లు, అదే రాళ్లు అతనికీ ఉన్నాయి, 21 గంటలకు పైగా తొక్కి ఆ దశ గెలిచినవాడూ అతనే.

చాలా వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి. నాకైతే ఆ తర్వాతి రెండేళ్లు అంతకంటే ఆశ్చర్యం. 35 ఏళ్ల వయసులో, 1920లో, పారిస్-తూర్, బోర్దో-పారిస్ పందేలు రెండూ గెలిచారు. 1921లో బోర్దో-పారిస్ మళ్లీ గెలిచారు. బోర్దో-పారిస్ అంటే రాత్రంతా తొక్కి మర్నాటికి ముగించే, 500 కిలోమీటర్లు దాటిన ఒకే దశ పందెం. 1921లోనే సైక్లో-క్రాస్‌లో ఫ్రాన్స్ జాతీయ చాంపియన్‌గా ఏడోసారి నిలిచారు. అంతకు ముందు 1909 నుంచి 1914 వరకు ఆ బిరుదు ఏటా ఆయనదే. బురదలో, పొలాల్లో, సైకిల్‌ను భుజాన మోసుకుంటూ పరిగెత్తే ఆ పందేల్లో ఇంత కాలం ఎదురులేకుండా ఉన్నవాడు, తూర్మాలే నుంచి సైకిల్ మోసుకుంటూ దిగడంలో నాకు వింతేమీ కనిపించదు. మిలాన్-సాన్ రేమో మంచులో గెలుపుకీ ఈ అలవాటుకీ సంబంధం ఉందనే అనుకుంటాను.

1922 టూర్‌లో 37 ఏళ్ల వయసులో మళ్లీ పసుపు జెర్సీ వేసుకున్నారు. అంత వయసులో దాన్ని ధరించినవాళ్లు ఈనాటికీ వేరొకరు లేరు. గాలిబియే దిగుడులో ఫోర్కు మూడోసారి విరిగింది. ఎనిమిదో స్థానంలో ముగించారు. ఆ మరుసటి ఏడాది, 1923లో, పాడైన భాగాన్ని మార్చుకోవడానికి రైడర్లకు అనుమతినిస్తూ నియమం సడలించారు. ఆ సడలింపు ఆయనకు పనికివచ్చే వయసు అప్పటికే దాటిపోయింది. పదకొండుసార్లు బయల్దేరి ఎనిమిదిసార్లు ముగించిన టూర్‌లో చివరిది 1925ది, పద్దెనిమిదో స్థానంలో, 40 ఏళ్ల వయసులో. 1926తో ప్రొఫెషనల్ జీవితం ముగిసింది. పాదం పెడల్ మీంచి జారకుండా పట్టి ఉంచే టో-క్లిప్పులు ఆయన పేరుతోనే మార్కెట్లోకి వచ్చాయి. 1951లో సాంత్ మరీ ద కాంపాన్‌లో కొలిమి ఉన్న చోట జ్ఞాపక ఫలకం పెట్టారు. ఆయన 1970లో మరణించారు. క్రిస్తోఫ్ ముద్ర ఉన్న ఆ క్లిప్పులు మాత్రం పందెం సైకిళ్ల మీద ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కనిపించాయి, పాత స్టీల్ ఫ్రేములు సేకరించేవాళ్ల దగ్గర ఇప్పటికీ దొరుకుతాయి.